ఆర్‌వీలో కుక్కతో దక్షిణానికి: ఆ ఫార్వర్డ్ నమ్మితే ఏమవుతుంది

అక్టోబరు దాటగానే మిషిగన్, ఇల్లినాయ్, న్యూజెర్సీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: "చలికాలం మూడు నెలలూ ఆర్‌వీలో (పడకలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) ఫ్లోరిడాకో టెక్సస్‌కో ఆరిజోనాకో వెళ్లిపోండి. కుక్కకు అంతకన్నా సుఖం లేదు. చలికాలంలో దోమలుండవు కాబట్టి హార్ట్‌వార్మ్ మాత్రలు ఆపేయొచ్చు. ఏసీయో హీటరో వేసి, కుక్కను లోపలుంచి తాళం పెట్టి రోజంతా తిరిగి రావచ్చు. అక్కడ చలే ఉండదు. దారిలో దాన్ని ట్రైలర్‌లో పడుకోబెట్టండి. మెడలో రేబిస్ టీకా బిళ్ల ఉంటే కాగితాలు అక్కర్లేదు."

వెళ్లడం మంచి ఆలోచనే. మిగతా సలహాలే కుక్క ప్రాణం మీదికి తెస్తాయి.

ముందు మాత్రల సంగతి. హార్ట్‌వార్మ్ అంటే దోమకాటుతో కుక్క ఒంట్లోకి చేరే పురుగు. జనవరిలో దోమలు లేనిది మిషిగన్‌లో. మీరు వెళ్తున్నది దోమలున్న చోటికే. అమెరికాలో హార్ట్‌వార్మ్ బాగా ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో గల్ఫ్ తీరం ఒకటి. పైగా నెలనెలా వేసే మాత్ర రాబోయే నెలకు కాపలా అనుకుంటారు చాలామంది. అది చేసే పని వెనక్కి: గడిచిన నెలలో దోమ కుట్టి వదిలిన పిల్లపురుగుల్ని చంపుతుంది. అందుకే తిరిగొచ్చాక కూడా మానకూడదు. మానితే ఆ పిల్లపురుగులు ఆరు నెలల్లో పెద్దవై గుండె దగ్గర, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చేరతాయి. రక్తపరీక్షలో కూడా దాదాపు ఆరు నెలల దాకా దొరకవు. జనవరిలో కుట్టిన దోమ సంగతి ఏప్రిల్ టెస్టులో తెలియదు, జులైలోనో ఆగస్టులోనో తేలుతుంది. అప్పుడు నడుము కండరాల్లోకి పెద్ద పురుగుల్ని చంపే మెలార్సోమైన్ ఇంజెక్షన్లు, నెలల తరబడి పరుగు లేకుండా కట్టడి. పిల్లికైతే పెద్ద పురుగుల్ని చంపడానికి ఆమోదం పొందిన మందే లేదు. ఇప్పటికే ఒకటి రెండు నెలలు మానేసి ఉంటే మీ అంతట మీరు మొదలుపెట్టకండి, బయల్దేరేముందే వెట్‌కు చెప్పి టెస్టు చేయించండి.

ఇక తాళం పెట్టి వెళ్లడం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఆర్‌వీని ఇల్లు అనుకుంటే తప్ప ఎవరూ ఈ సలహా ఇవ్వరు, దాని కరెంటుకు హద్దుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇచ్చే 30 ఆంప్‌ల కనెక్షన్‌లో ఏసీ ఒక్కటే 13 ఆంప్‌ల దాకా లాగుతుంది. వాటర్ హీటర్‌ను కరెంటు మీద వదిలేస్తే ఇంకో 12. బ్యాటరీ ఛార్జరు, ఫ్రిజ్ కలిస్తే 30 దాటి బ్రేకర్ పడిపోతుంది. అప్పటికి మీరు బీచ్‌లో ఉంటారు. దక్షిణ ఫ్లోరిడాలో జనవరి మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారెన్‌హీట్ కొత్తేమీ కాదు, ఎండలో మూసిన బండి అంతకంటే బాగా వేడెక్కుతుంది.

హీటరు వేరే రకంగా మోసం చేస్తుంది. ఆర్‌వీ ఫర్నేస్ ప్రొపేన్‌తో మండినా, దాని ఫ్యాన్ 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుంది, 8 ఆంప్‌ల చొప్పున. కరెంటు కనెక్షన్ లేని చోట 100 ఆంప్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగింది సగమే. ఫర్నేస్ సగం సేపు నడిచినా 12 గంటలకు అది అయిపోతుంది. సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా మంట వెలగదు.

కుక్క ఉన్న బండిలో ఇంకో చిక్కు బొచ్చు. ఫర్నేస్ లోపల ఫ్యాన్ గాలికి పక్కకు ఒరిగే పలచని రేకు ఒకటుంటుంది, దాన్ని సెయిల్ స్విచ్ అంటారు. అది ఒరిగితేనే మంట అంటుకుంటుంది. నాలుగు వెంట్రుకలు చుట్టుకుంటే చాలు, రేకు కదలదు: ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వచ్చేది చల్లగాలి. బ్యాటరీ నీరసించి ఫ్యాన్ మెల్లగా తిరిగినా ఇదే లక్షణం. నేల దగ్గరుండే గాలి జాలీని వారానికోసారి వాక్యూమ్ చేయండి. దానికి అడ్డంగా కుక్క పరుపు, ఫుడ్ బస్తా పెట్టకండి. గాలి అందకపోతే ఫర్నేస్ వేడెక్కి మంట ఆపేస్తుంది.

వదిలి వెళ్లక తప్పకపోతే, సొంత బ్యాటరీ, సొంత సిమ్ ఉన్న టెంపరేచర్ మానిటర్ పెట్టండి. క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీద నడిచేది కరెంటు పోగానే మూగబోవచ్చు. 15 నిమిషాల్లో తిరిగి రాగలిగేంత దూరమే వెళ్లండి. దానికి ముందు ఒక పరీక్ష: మీరు లోపలుండగానే బయట కరెంటు స్తంభం మీది బ్రేకర్ ఆపి, ఎన్ని నిమిషాల్లో వేడి ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో గడియారం పెట్టి చూడండి. కరెంటు తిరిగి ఇచ్చాక ఏసీ తనంతట తాను మొదలవుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో కుక్కను ఒంటరిగా వదలడమే నిషేధం, బుక్ చేసేటప్పుడే అడగండి.

"అక్కడ చలే ఉండదు" అనేవాళ్లు 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను, 2025 జనవరి 21న మంచు కప్పేసిన న్యూ ఆర్లీన్స్‌ను, ఉత్తర ఫ్లోరిడాను మర్చిపోయారు. ఉత్తరాది నుంచి బయల్దేరేటప్పుడు నీళ్ల ట్యాంకు నింపకండి, గడ్డ కట్టని ఊళ్లకు చేరేదాకా డబ్బా నీళ్లే. చలికి పైపులు పగలకుండా వాటిల్లో పోసేది ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్న ఆర్‌వీ యాంటీఫ్రీజ్ అని డబ్బా మీద చదివి కొనండి. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ రకం కొంచెం నాకినా కుక్క కిడ్నీలు దెబ్బతింటాయి.

ట్రైలర్‌లో పడుకోబెట్టి లాగడం వద్దే వద్దు. లోపల ఏం పడిందో, ఎంత వేడెక్కిందో ముందున్న మీకు తెలియదు. కుక్క మీతోపాటు వెనక సీట్లో, బెల్టుకు బిగించిన హార్నెస్‌లోనో కట్టిన క్రేట్‌లోనో ఉండాలి. ఆగాక స్లైడ్ (బండి గోడను బయటికి జరిపి గదిని పెంచే భాగం) తెరిచేముందు, మూసేముందు కుక్క ఎక్కడుందో కళ్లారా చూసి గానీ బటన్ నొక్కకండి.

బిళ్ల కాగితం కాదు. కుక్క ఎవరినైనా గీరినా కరిచినా అడిగేది వెట్ సంతకం ఉన్న రేబిస్ సర్టిఫికెట్, అది చూపలేకపోతే క్వారంటైన్ మరింత కఠినంగా ఉండొచ్చు. కెనడా నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఇంకొకటుంది: 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అడుగుపెట్టే కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్, సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) ఫారం ఉండాలి.

ఆ ఫార్వర్డ్‌లో ఆరిజోనా పేరుంది గానీ అక్కడి మట్టి సంగతి లేదు. ఎడారి మట్టిలోని ఫంగస్ వల్ల వ్యాలీ ఫీవర్ వస్తుంది, నేల తవ్వే కుక్కలకు మరీ ముప్పు. ఇంటికొచ్చాక దగ్గు, కుంటడం, తిండి మానడం కనిపిస్తే ఆరిజోనా వెళ్లొచ్చామని వెట్‌కు ముందే చెప్పండి, లేకపోతే ఉత్తరాది వెట్‌కు ఆ అనుమానమే రాకపోవచ్చు. చోయా అనే ఎడారి కాక్టస్ ముళ్ల కాయ కుక్క కాలికి అంటుకుంటే చేత్తో లాగకండి, మీ వేళ్లకూ గుచ్చుకుంటుంది. దువ్వెన పళ్లను కాయకూ చర్మానికీ మధ్య దూర్చి, కుక్కకు దూరంగా ఒక్క ఊపున విసిరేయాలి. మిగిలిన ముళ్లు పటకారుతో ఒక్కొక్కటే తీయాలి. నోట్లోనో కంటి దగ్గరో గుచ్చుకుంటే ముట్టుకోకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.