పిండదశలోనే ప్రొఫెసర్ కావాలి

అమెరికా యూనివర్సిటీలు డెవలప్‌మెంటల్ న్యూరోసైన్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్లను ఎంచుకునే తీరు మీద మన పోస్ట్‌డాక్ పిల్లలు, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు, తెగ ఆడిపోసుకుంటున్నారు. ఒక్క పోస్టుకి వందల దరఖాస్తులట, చాలామందికి జవాబే రాదట. ఎంపిక చేసే ఈ సెర్చ్ కమిటీల తరఫున మాట్లాడే నాథుడే లేడు కాబట్టి ఆ పుణ్యమేదో నేనే కట్టుకుంటాను.

అసలు ఈ శాస్త్రం చెప్పేదేమిటి? గర్భంలో మెదడు తయారయ్యేటప్పుడు నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. ఒక్కో కణం పోగు చాచుకుంటూ తన చోటు వెతుక్కుంటుంది. చేరినచోట దొరికే పోషక ప్రోటీన్ అన్నిటికీ చాలదు. అందినవి బతుకుతాయి, అందనివి పోతాయి. కొన్ని చోట్ల సగం దాకా పోతాయి. అదీ గొడవ చేయకుండా, చుట్టుపక్కల వాపు కూడా రానివ్వకుండా, తమని తామే ముక్కలు చేసుకుంటే పక్క కణాలు మింగేస్తాయి. దీన్నే అపోప్టోసిస్ అంటారు. మరి పీహెచ్‌డీలను అవసరానికి మించి పుట్టించి, గ్రాంటు అందినవాళ్లను ఉంచుకుని, మిగతావాళ్లను ఒక్క ఈమెయిల్ ఖర్చు కూడా లేకుండా మాయం చేసే డిపార్ట్‌మెంటు చేసిన తప్పేమిటి? చెప్పే పాఠాన్ని ఆచరించి చూపిస్తోంది. ముక్కలు మింగే పని ఏ బయోటెక్ కంపెనీయో చూసుకుంటుంది.

ప్రకటనలో స్వతంత్రంగా పరిశోధన చేయగలవాళ్లు కావాలంటారు. వేరొకరి ల్యాబ్‌లో, వేరొకరి గ్రాంటు మీద పనిచేసేవాడు స్వతంత్రుడని రుజువేమిటి? ఆ బాస్ రాసిచ్చిన సిఫారసు లేఖే. చేతిలో కె99 ఉంటే మరీ మంచిది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఈ గ్రాంటు రెండో దశలో, అంటే ఉద్యోగం దొరికాక, ఏడాదికి 2,49,000 డాలర్ల దాకా మూడేళ్లు వస్తుంది. పోస్ట్‌డాక్‌గా నాలుగేళ్లు దాటితే మాత్రం దానికి మామూలుగా దరఖాస్తే పెట్టకూడదు. ఎలుకలో ఒక జన్యువు తీసేసి, పిల్లల్ని పెట్టించి, వాటి మెదళ్లు చూసి, పేపరు వేసేసరికి ఐదేళ్లు పట్టిందంటే అది పూర్తిగా ఎలుకల బాధ్యతారాహిత్యం.

అసలు వినోదం ఇంటర్వ్యూలోని చాక్ టాక్‌లో, అంటే చేయబోయే పరిశోధనను బోర్డు మీద రాసి చెప్పే ఘట్టంలో ఉంది. స్లైడ్లు ఉండవు. తలుపు మూసేసి, చేతికి మార్కర్ ఇచ్చి బోర్డు ముందు నిలబెడతారు. అభ్యర్థి ‘ఎయిమ్ 1’ అని రాసి కింద గీత గీసేలోపే వెనక వరసలోంచి ఒకాయన, “ఇది మీ బాస్ ప్రాజెక్టే కదా?” అంటాడు. కాదని తేల్చగానే ముందు వరసలోంచి ఒకావిడ, “మరి ఇందులో మీకు అనుభవం లేదే!” అంటుంది. జీబ్రాఫిష్ మీద చేస్తే క్షీరదాల సంగతేమిటంటారు. ఎలుక మీద చేస్తే మనుషుల సంగతి అడుగుతారు. మనిషి మూలకణాలతో పెంచిన ఆర్గనాయిడ్, అంటే బుల్లి మెదడు ముద్ద, అంటే, “దీన్ని మెదడనే అంటారా?” అని నవ్వుతారు. కోడి పిండం మీద చేసేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. జాలిపడి మంచి హోటల్లో భోజనం పెట్టిస్తారు.

పైన చెప్పిన పోషక ప్రోటీన్లలో మొదట దొరికిన ఎన్‌జీఎఫ్ (నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్) కథ కూడా కోడి పిండాల దగ్గరే మొదలైంది. 1938లో ముస్సోలినీ జాతి చట్టాలు యూదుల్ని యూనివర్సిటీల నుంచి గెంటేస్తే, రీటా లెవీ-మోంటాల్చీని అనే ఇటలీ శాస్త్రవేత్త టూరిన్‌లో తన పడకగదినే ల్యాబ్ చేసుకుని, కుట్టుసూదులు సానబట్టి పిండాలను కోశారు. 1947లో విక్టర్ హాంబర్గర్ అనే పిండశాస్త్రవేత్త అమెరికాలోని సెయింట్ లూయిస్‌కి పిలిస్తే కొన్ని నెలలకని వెళ్లి దశాబ్దాలు ఉండిపోయారు. 1986లో నోబెల్ వచ్చింది. ఇవాళ ఆవిడ ఫైలు వస్తే కమిటీ ఏం చూస్తుంది? కె99 లేదు. కెరీర్‌లో గ్యాప్ ఉంది. పడకగదికి జంతు ప్రయోగాల కమిటీ అనుమతి లేదు. మొదటి వడపోతలోనే అపోప్టోసిస్.

ఇన్నీ దాటి ఒకడు గట్టెక్కాడనుకోండి. గుంటూరుకి ఫోన్ చేస్తాడు.

“పర్మనెంటేనా నాన్నా?” అంటాడు తండ్రి.

“అప్పుడే కాదు నాన్నా. ఆరో ఏట ఫైలు చూసి చెప్తారు. నచ్చకపోతే ఇంకో ఏడాది ఉంచి పంపేస్తారు.”

“అదేంట్రా, మన ఎదురింటి కుర్రాడు డీఎస్సీ కొట్టాడు, రెండేళ్లకే ప్రొబేషన్ డిక్లేర్ చేశారు.”

అటువైపు కాసేపు మాట లేదు.

“మళ్లీ డీఎస్సీ ఎప్పుడు పడుతుంది నాన్నా? వయోపరిమితి ఎంత?”