ఆ ఐలెట్ కణాల ఫార్వర్డ్ గురించి

అమలాపురంలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘టైప్ 1 షుగర్‌కి ఐలెట్ కణాల మార్పిడి వచ్చేసింది. ఒక్క ఇంజెక్షన్ చాలు. జీవితాంతం ఇన్సులిన్ అక్కర్లేదు, మందులుండవు, పూతరేకులూ తినొచ్చు. పిల్లలకు వెంటనే వేయించండి.’ అది చూసి మా చెల్లెలు పొలం అమ్ముదామా అని ఫోన్ చేసింది. దాని కూతురికి పదకొండేళ్లు, రోజుకు నాలుగు సూదులు.

ఒక్క ఇంజెక్షన్ అనేంత తేలిక కాదది. చనిపోయిన దాత క్లోమం నుంచి ఐలెట్లను, అంటే ఇన్సులిన్ తయారుచేసే కణాల గుత్తుల్ని, వేరుచేసి, కాలేయానికి వెళ్లే పెద్ద సిరలోంచి ఎక్కిస్తారు. చాలాసార్లు ఒక దాత చాలడు.

‘జీవితాంతం’ అన్న ఆశ 2000లో పుట్టింది. కెనడాలోని ఎడ్మంటన్‌లో డాక్టర్ జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. నిజమే. కానీ తర్వాత అక్కడ చేయించుకున్నవాళ్లలో ఐదేళ్లకి సూది లేకుండా మిగిలింది పదిమందికి ఒక్కరు. ఫార్వర్డ్ చేసినవాళ్లు సగం కథే విన్నారు.

అలాగని దండగ అనుకోకండి. సూది మళ్లీ మొదలైనా చాలామందిలో కణాలు ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటాయి. ఆ కాస్తకే షుగర్ హఠాత్తుగా పడిపోవడం బాగా తగ్గుతుంది. 2016లో వెలువడిన ఒక పరిశీలనలో 48 మందిలో 42 మందికి ఏడాది తిరిగేసరికి మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 7 శాతంలోపుకి వచ్చింది, తీవ్రంగా పడిపోవడాలూ లేవు. ఇన్సులిన్ మానింది మాత్రం సుమారు సగం మందే.

పడిపోవడం అంటే ఏమిటో మా చెల్లెలింట్లో ఒక రాత్రి పడుకుంటే తెలుస్తుంది. రెండింటికి అలారం. సెల్‌ఫోన్ వెలుగులో పిల్ల వేలికి గుచ్చితే మీటరులో 54. గ్లూకోజ్ నీళ్లు పట్టబోతే ‘పొద్దున్న తాగుతానమ్మా’ అని మూతి తిప్పేస్తుంది. బతిమాలి పట్టించి, పావుగంటకి మళ్లీ గుచ్చాలి. మార్పిడి తర్వాత బతుకులో తేడా కనపడేది ఎక్కువగా ఇక్కడే, ఈ భయం తగ్గడంలో.

‘మందులుండవు’ శుద్ధ అబద్ధం. పరాయి కణాల్ని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మాత్రలు, ఆ కణాలు పనిచేసినంతకాలం మింగాలి. నోటిపూత, కిడ్నీల మీద భారం, ఊరికే పట్టుకునే ఇన్ఫెక్షన్లు. ఏటా వరదనీళ్లు చూసే లంకల వాళ్లకి ఇన్ఫెక్షన్ సంగతి ఒకరు చెప్పాలా?

పిల్లలకు వేయించమనడం మరీ ఘోరం. 2023 జూన్‌లో అమెరికా ఈ చికిత్సని లాంటిడ్రా పేరుతో అనుమతించింది పెద్దవాళ్లకే, అదీ షుగర్ పదేపదే ప్రమాదకరంగా పడిపోయేవాళ్లకి.

పూతరేకులంటారా, లెక్క చూసుకుని ఇన్సులిన్ వేసుకుంటే ఇప్పుడూ ఒకటి తినొచ్చు.

చెల్లెల్ని పొలం జోలికి వెళ్లొద్దన్నాను. షుగర్ పడిపోతుంటే మోగే సెన్సర్ గురించి డాక్టరుగారిని అడగమన్నాను. ‘అందాకా రాత్రి అలారం పెట్టుకోవాలా అన్నయ్యా?’ అంది. పెట్టుకోవాలనే చెప్పాను.