కేబుల్ కొనే ముందు మాన్యువల్ చూడండి

మూడు ఆర్‌సీఏ పిన్నుల (డీవీడీ ప్లేయర్‌కి గుచ్చే గుండ్రటి రంగు పిన్నుల) నుంచి వీజీఏకి (కంప్యూటర్‌ని కలిపే 15 పిన్నుల సాకెట్‌కి) వెళ్లే కేబుల్ ఉంటే పాత డీవీడీ ప్లేయర్ ఏ ప్రొజెక్టర్‌కైనా పనిచేస్తుందని మీ వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట దయచేసి సరిదిద్దండి. ఆ కేబుల్ వైర్లను కలుపుతుందే తప్ప సిగ్నల్‌ని మార్చదు. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా వస్తాయి, సింక్ (బొమ్మలో ప్రతి గీత, ప్రతి ఫ్రేమ్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సిగ్నల్) కోసం 13, 14 పిన్నులు ఉంటాయి. డీవీడీ ప్లేయర్ ఆ మూడు పిన్నుల మీద పంపే 'కాంపోనెంట్' సిగ్నల్‌లో ఆకుపచ్చ వైరు మీద వెలుగు సమాచారం, సింక్ రెండూ కలిసే వస్తాయి. మిగతా రెండూ రంగు తేడాలు మాత్రమే. ప్రొజెక్టర్‌కి ఇది అర్థం కాకపోతే బొమ్మంతా ఆకుపచ్చగా కనిపిస్తుంది, లేదా అసలు 'నో సిగ్నల్' అంటుంది. అప్పుడు కేబుల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, కరెంటుతో నడిచే ట్రాన్స్‌కోడర్ (కాంపోనెంట్ సిగ్నల్‌ని వీజీఏ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కావాల్సిందే.

అందుకే మాన్యువల్‌లో వీజీఏ ఇన్‌పుట్ దగ్గర 'కాంపోనెంట్' లేదా 'వైపీబీపీఆర్' (YPbPr, కాంపోనెంట్‌కే మరో పేరు) అని ఉందో లేదో ముందు చూడాలి. ఉంటే మామూలు కేబుల్ చాలు. అయినా రంగులు తేడాగా ఉంటే మెనూలో ఇన్‌పుట్ సిగ్నల్‌ని 'ఆటో' నుంచి కాంపోనెంట్‌కి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడే సరిపోతుంది. సౌండ్‌కి మాత్రం వేరే వైరు వేసుకోవాలి.