డైనింగ్ టేబుల్ మీద రైల్ రోకో

రైల్వేలో ముప్పై మూడేళ్ళు చేశానంటే బొమ్మరైలు బాగుచేయడం నాకు వచ్చేస్తుందని అందరి నమ్మకం. నేను చేసింది అకౌంట్స్‌లో. బండి ఎందుకు ఆగిందో మాకు తెలియదు, ఆగినందుకు ఎంతయిందో చెప్పగలం.

డాలస్ నుంచి మా అబ్బాయి తెచ్చిన సెట్టు అది. అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. దాని అడాప్టరు అక్కడి 120 వోల్టులకు పుట్టిన పిల్ల. మన 230 తగలగానే ‘టప్’మని కన్నుమూసింది. వంటింట్లో మా ఆవిడ పప్పుచారు మూత తీసి వాసన చూసి, “మాడింది ఇది కాదండీ” అంది.

ఇక్కడి కరెంటుకు సరిపోయే అడాప్టరు కొన్నాక బండి నడిచింది. అక్కడితో ఊరుకోవచ్చుగా! గుండ్రంగా తిరిగీ తిరిగీ నాకే విసుగొచ్చి, పట్టాలు తిన్నగా పరిచి, చివర చుట్టు తిరిగి అదే లైనులో కలిసేలా ఒక లూపు వేశాను. వెళ్ళిన దారినే బండి వెనక్కి రావాలని. ఆఖరి పట్టా ముక్క బిగించానో లేదో, కంట్రోలర్ మీద ఎర్రలైటు. షార్ట్!

కరోనా నాటి శానిటైజర్ వెతికి తీసి, దూదితో పట్టాలన్నీ తుడిచాను. దూది నల్లబడింది, మనసు తృప్తిపడింది, లైటు మాత్రం ఎర్రగానే ఉంది. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. అదే ఎరుపు. ఇక లాభం లేదని వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. టేబుల్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, “ఎర్తింగ్ ప్రాబ్లమ్ సార్” అన్నాడు.

“రెండు వైర్ల బొమ్మకి ఎర్తింగ్ ఏమిటయ్యా?”

“అదే సార్ ప్రాబ్లమ్.”

మూడొందలు తీసుకుని వెళ్ళాడు.

అప్పుడు మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ధనుర్మాసంలో మా వాకిట్లో ఆవిడ వేసే మెలికల ముగ్గు చూడ్డానికి పక్కవీధి వాళ్ళు కూడా వస్తారు. ఎడమ పట్టా మీద చూపుడువేలు పెట్టి, ఎత్తకుండా లూపు చుట్టూ పోనిచ్చింది. వేలు తిరిగి బయటికొచ్చేసరికి కుడి పట్టా మీద ఉంది.

“ఇది మెలికల ముగ్గేనండీ. ఆ గీతా ఈ గీతా ఒకటే.”

ఒక పట్టాలో ప్లస్, రెండోదానిలో మైనస్. ప్లస్ వెళ్ళి మైనస్‌ను కౌగిలించుకుంటే షార్ట్ కాక మరేమవుతుంది!

లూపు రెండు మూతుల దగ్గరా రెండేసి పట్టాలూ కోసి, ప్లాస్టిక్ జాయినర్లు పెట్టాను. మెయిన్ లైనుకు ప్లస్ మైనస్ తారుమారు చేసే స్విచ్చొకటి. బండి లూపులో ఉండగానే దాన్ని తిప్పాలి. మరిచిపోతే గడప దాటబోతూ మళ్ళీ ఎర్రలైటే. మొదటిరోజే నాలుగుసార్లు మరిచిపోయాను. దాంతో స్విచ్చు ఆవిడ కుర్చీ వైపుకి మారింది.

నిన్న సాయంత్రం ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో స్విచ్చు పట్టుకుని, బండి మీంచి చూపు తిప్పకుండానే అడిగింది:

“అవునూ, ఎర్తింగ్ అబ్బాయికిచ్చిన మూడొందలు ఏ పద్దులో రాశారు?”