రెండో చేతికి బీపీ ఎవరు చూడాలి?

పోయినేడాది వేసవిలో మా చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని సూళ్లూరుపేట నుంచి లోకల్ ట్రైన్‌లో చెన్నై వచ్చింది. మా మేనకోడలికి 23 ఏళ్లు. "మామా, జడేసుకుంటుంటే ఎడం చెయ్యి లాగేస్తోంది. సగంలో చెయ్యి దించేసి, కాసేపాగి మళ్లీ అల్లుకోవాల్సొస్తోంది" అంది. అప్పటికి రెండేళ్లుగా ఇదే మాట చెబుతోందట. ఒక డాక్టరు రక్తం తక్కువని ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఇంకొకరు ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) ఎక్కువుందని టీబీ పరీక్షలు రాశారు. మెడ నరం నొక్కుకుందని మరొకరన్నారు.

నన్ను ఇప్పటికీ తొలిచేసే సంగతి వేరే ఉంది. ఆ రెండేళ్లలో ఒకసారి, ఒక ఆసుపత్రిలో, ఎడం చేతికి బీపీ పట్టీ కడితే మెషిన్ 'ఎర్రర్' అని చూపించింది. నర్సమ్మ బ్యాటరీలు మార్చింది. మళ్లీ ఎర్రర్. పట్టీ విప్పి కుడి చేతికి కట్టింది. అంకె వచ్చింది, చీటీలో రాసింది, అయిపోయింది. మెషిన్‌కు ఏమీ కాలేదు. ఆ చేతికి రక్తం సరిగా చేరడం లేదు. అది చెప్పిన నిజాన్ని అక్కడున్న వాళ్లెవరూ వినిపించుకోలేదు.

చెన్నైలో చూసిన డాక్టరమ్మ ఏ స్కానూ రాయకముందే పిల్ల రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఎడమవైపు నాడి అందలేదు. మెడ కింద, ఎముక పైన స్టెతస్కోప్ పెట్టి విన్నారు. ఇరుకు గొట్టంలోంచి నీళ్లు దూకుతున్నట్టు శబ్దం ఉందన్నారు. ఆ తర్వాతే సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్. టకయాసు ఆర్టిరైటిస్ అని తేలింది.

ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. 1908లో జపాన్ కంటి వైద్యుడు మికితో టకయాసు ఒక యువతి కంటి వెనుక రక్తనాళాలు దండలా అల్లుకుని ఉండటం చూసి రాశారు. అలాంటి రోగులకే మణికట్టు దగ్గర నాడి అందడం లేదని ఆయన తోటి వైద్యులు గమనించారు. అందుకే దీనికి 'నాడి లేని జబ్బు' అన్న పేరు కూడా స్థిరపడింది. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, దాని పెద్ద కొమ్మలు వాస్తాయి. వాపు గోడ బయటి పొరలో మొదలై లోపలికి పాకుతుంది. రోగనిరోధక కణాలు తమ సొంత నాళాన్నే శత్రువనుకుని చుట్టుముడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోడ మందమై నాళం ఇరుకైపోతుంది, కొన్నిచోట్ల పలచబడి ఉబ్బుతుంది. ఎక్కువగా వచ్చేది 40 ఏళ్ల లోపు ఆడవాళ్లకు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. హెచ్‌ఎల్‌ఏ-బి52 అనే జన్యురకంతో సంబంధం జపాన్‌లోనూ మన దేశంలోనూ కనిపించింది. టీబీతో ముడి ఉందేమోనని దశాబ్దాలుగా వెతుకుతున్నా గట్టి రుజువు దొరకలేదు.

జపాన్ రోగుల్లో ఎక్కువగా దెబ్బతినేది చేతులకూ తలకూ వెళ్లే నాళాలు. మన దేశంలో పొట్టలోని బృహద్ధమని, మూత్రపిండాల నాళాలు ఇరుకవడం ఎక్కువ. మూత్రపిండానికి రక్తం చాలకపోతే అది ఒంట్లో బీపీని పెంచేస్తుంది. పాతికేళ్ల అమ్మాయికి బీపీ 180 ఉంటే టెన్షన్ వల్ల అని పంపించేయకూడదు అనడానికి ఇదొక్కటి చాలు. ఇంకో చిక్కు ఉంది. రెండు చేతుల నాళాలూ ఇరుకైతే చేతి బీపీ తక్కువే చూపిస్తుంది, గుండె మీద మాత్రం భారం అలాగే ఉంటుంది. అలాంటప్పుడు కాలికి కట్టి చూస్తే తప్ప అసలు అంకె తెలియదు.

ఇక పరిశోధన సంగతి. రక్తనాళాల వాపు జబ్బులన్నిటినీ కలిపి వాస్కులైటిస్ అంటారు. వీటిలో పరిశోధన ప్రాణాలు నిలబెట్టిన కథలు లేకపోలేదు. చిన్న రక్తనాళాలను దెబ్బతీసే ఏఎన్‌సీఏ వాస్కులైటిస్‌లో ఒక రకానికి, అప్పట్లో వెగెనర్స్ అనేవారు, మందు లేని రోజుల్లో రోగులు సగటున 5 నెలలే బతికేవారని 1958 నాటి లెక్క. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఆ కథను మార్చింది. తర్వాత రిటుక్సిమాబ్ వచ్చింది. ఆ మందుకు ప్రపంచంలో తొలి బయోసిమిలర్‌ను (దాదాపు అదే పని చేసే నకలు మందును) 2007లో తెచ్చింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ అన్నది తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. ఏఎన్‌సీఏ వాస్కులైటిస్ మీదే 704 మందితో నడిచి 2020లో వెలువడిన పెక్సివాస్ ట్రయల్, స్టెరాయిడ్ మోతాదు బాగా తగ్గించినా ఫలితం చెడదనీ, ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు తగ్గుతాయనీ చూపించింది. స్టెరాయిడ్ల వల్ల మొహం ఉబ్బి అద్దం చూసుకోవడం మానేసిన ఆడపిల్లను ఇంట్లో పెట్టుకున్న ఎవరికైనా ఈ మాట విలువ తెలుస్తుంది.

టకయాసుకు మాత్రం అంత పెద్ద ట్రయల్ దక్కలేదు. దీనికి అక్కలాంటి జబ్బు ఒకటుంది, జెయింట్ సెల్ ఆర్టిరైటిస్. అదీ పెద్ద నాళాల వాపే. కాకపోతే 50 ఏళ్లు దాటిన వాళ్లకు, ఎక్కువగా ఐరోపా సంతతి వాళ్లకు వస్తుంది. టోసిలిజుమాబ్ అనే మందును ఆ జబ్బులో 251 మంది మీద పరీక్షించారు. 2017లో ఫలితాలు వచ్చాయి, మందు పనిచేస్తుందని స్పష్టంగా తేలింది, అమెరికా అనుమతీ వచ్చింది. అదే మందును టకయాసులో పరీక్షించిన జపాన్ ట్రయల్‌లో ఉన్నది 36 మంది. జబ్బు తిరగబెట్టడం తగ్గినట్టే కనిపించింది గానీ, గణాంకాల ప్రకారం రుజువైందని చెప్పడానికి కావలసిన గీతకు కొద్దిలో ఆగిపోయింది. 251 ఎక్కడ, 36 ఎక్కడ?

మందు చేతకానిది కావచ్చు, కాకపోనూవచ్చు. కానీ 36 మందితో అది తేల్చలేం. అరుదైన జబ్బు కాబట్టి రోగులు దొరకరంటారు. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోను. జబ్బు ఎక్కువగా ఉన్నది ఆసియాలో. వేలూరు సీఎంసీ, లక్నో ఎస్‌జీపీజీఐ, చండీగఢ్ పీజీఐ ఏళ్ల తరబడి ఈ రోగులను చూస్తూ పరిశోధన పత్రాలు ప్రచురిస్తున్నాయి. చెన్నైలో సెంట్రల్ స్టేషన్‌కు అడుగుల దూరంలోని జీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో) ఇలాంటి జబ్బులు చూసే రుమటాలజీ విభాగం దశాబ్దాల నాటిది. మన దగ్గర రోగులు ఉన్నారు. అయితే ఆలస్యంగా వస్తారు, వచ్చాక మధ్యలో జారిపోతారు. నాళం మచ్చకట్టి మూసుకుపోయాక వచ్చిన రోగికి వాపు తగ్గించే మందు ఇచ్చి ఏం కొలుస్తాం? ఆరు నెలలకు కనబడకుండా పోయిన రోగిని ఏ లెక్కలో వేస్తాం?

అందుకే నా వాదన ఇది: జబ్బు తెలియడంలో ఆలస్యాన్నీ, ఫాలోఅప్ తెగిపోవడాన్నీ పరిశోధనకు బయటి విషయాలుగా చూడటం మానాలి. మన దేశంలో టకయాసు పరిశోధన మొదలుపెట్టాల్సిందే అక్కడ. కొత్త మందు పరీక్షకు ఇచ్చే గౌరవం, నిధులు దీనికీ ఇవ్వాలి.

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. అమెరికన్ రుమటాలజీ సంస్థ 1990లో టకయాసుకు ఆరు గుర్తులు పెట్టింది: 40 లోపు మొదలవడం, పని చేస్తుంటే చెయ్యో కాలో లాగడం, మోచేతి దగ్గర నాడి బలహీనపడటం, రెండు చేతుల బీపీకి మధ్య 10 పాయింట్లకు మించి తేడా, నాళంపై శబ్దం, యాంజియోగ్రామ్‌లో మార్పు. మూడు ఉంటే చాలు. చివరిది తప్ప మిగతా ఐదింటికీ కావలసింది బీపీ పట్టీ, స్టెతస్కోప్, చెవిపెట్టి వినే ఓపిక. ఇవి అధ్యయనాల కోసం రోగులను వర్గీకరించడానికి రాసినవే, వీటితోనే జబ్బును ఖాయం చేయకూడదు. 2022లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి కూడా. వాటిలోనూ చేతుల బీపీ తేడా ఉంది. ఏ పీహెచ్‌సీలోనైనా అనుమానపడటానికి ఇవి సరిపోతాయి.

అనుమానమే కాదు, జబ్బు నడకను కొలవడానికీ చేత్తో చేసే పరీక్షే ఆధారం. ఈఎస్‌ఆర్ మనల్ని మోసం చేస్తుంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో 60 మందిని గమనించి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లలో నూటికి 72 మందికే ఈఎస్‌ఆర్ పెరిగింది. అణిగిపోయిందనుకున్న వాళ్ల నాళాల ముక్కలను ఆపరేషన్ సమయంలో పరీక్షిస్తే, దాదాపు సగం మందిలో వాపు ఇంకా ఉంది. ఈ ఇబ్బందిని ఎదుర్కోవడానికే మన దేశ వైద్యులు సొంతంగా ఒక కొలబద్ద తయారు చేసుకున్నారు. పేరు ఐటాస్ 2010. రోగిని అడిగి, నాడులు పట్టి, శబ్దాలు విని, కొత్తగా ఏం మారిందో మార్కులు వేస్తారు. అప్పట్లో లక్నోలో ఉన్న రామ్‌నాథ్ మిశ్రా, వేలూరులో ఉన్న దేబాశీష్ దందా వంటివారు కలిసి చేసిన పని అది. ఈ అంశంపై మన దేశం ప్రపంచానికి ఇచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే ఇది మన ఓపీ గదుల్లో పుట్టింది.

కానీ అది పనిచేయాలంటే రోగి మళ్లీ మళ్లీ రావాలి. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే చెన్నై, లేదంటే వేలూరు. చూపించుకుని, ఫైలు పట్టుకుని ఊరెళ్తారు. అక్కడ నెలనెలా చూసే డాక్టరుకు ఆ ఫైల్లో ఏముందో తెలియదు. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలన్నది కూడా మెడికల్ షాపులో గట్టిగా చెప్పించుకోవాల్సిన పరిస్థితి. కాస్త నయమనిపించగానే మందు ఆపేస్తారు. పెళ్లి సంబంధాలు చూస్తుంటే అసలు జబ్బు మాటే దాచేస్తారు. గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదంగా పెరిగే జబ్బిది, దాచిపెట్టే జబ్బు కాదు. మా చెల్లెలికి ఇది చెప్పడం నాకు మెడికల్ రిపోర్టు చదవడం కన్నా కష్టమైంది.

చెన్నై పెద్దాసుపత్రులూ ఆంధ్ర సరిహద్దు జిల్లాల ఆసుపత్రులూ కలిసి ఒకే చిన్న ఫారం నింపితే ఎలా ఉంటుంది? మొదటి లక్షణం ఎప్పుడు, జబ్బు పేరు తెలిసింది ఎప్పుడు, రెండు చేతుల బీపీ, అందని నాడులు, మందు ఆపేస్తే ఎందుకు. తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి. ఫోన్ చేసి పిలిచే మనిషి ఒకరుండాలి, ఆ మనిషికి రోగి భాష రావాలి. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) నిధులతో ఐదేళ్లు ఇది నడిస్తే, రేపు పెద్ద ట్రయల్ మొదలైన రోజున రోగులు ముందే, వాపు దశలోనే, పేరుపేరునా సిద్ధంగా ఉంటారు.

మా మేనకోడలు మూడు నెలలకోసారి అదే లోకల్‌లో వస్తుంది. మందులు పనిచేస్తున్నాయి, స్టెరాయిడ్ బాగా తగ్గించారు. మూసుకున్న నాళం తెరుచుకోలేదు, ఎడమ మణికట్టులో నాడి ఇప్పటికీ లేదు. దాని ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో తనే రాసుకుంది: "బీపీ కుడి చేతికి, రెండు కాళ్లకు చూడండి. ఎడమ చేతిలో మెషిన్ ఎర్రర్ వస్తే మెషిన్ మార్చకండి."