బాండ్ సొమ్ముకు బిల్లేదీ?

పైడిభీమవరం ఫార్మా యూనిట్ కావచ్చు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు కావచ్చు. తొలి ఉద్యోగంలో చేరిన రోజు మన సిక్కోలు, విజయనగరం కుర్రాళ్లు పెట్టే సంతకాల్లో ఒకటి స్టాంపు పేపరు మీద ఉంటోంది. రెండేళ్లలోపు మానేస్తే శిక్షణ ఖర్చు కింద లక్షో, రెండు లక్షలో కట్టాలని అందులో రాసుంటుంది. దీన్నే బాండ్ అంటారు. చదివి సంతకం పెట్టేవాళ్లు తక్కువ. చదివినా, ఇది నాకొద్దు అని హెచ్‌ఆర్ ముందు అనగలిగేదెవరు?

అలాగని బాండ్లేవీ చెల్లవనుకుంటే పొరపాటే. మూడేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాకపోతే ఆ కేసు సంగతి వేరు. అది ప్రభుత్వ రంగ బ్యాంకు. ఒక ఖాళీ నింపాలంటే మళ్లీ ప్రకటన దగ్గర్నుంచి తతంగమంతా నడపాలి. మానేసినాయన సీనియర్ మేనేజర్. ఆయన జీతానికి ఆ మొత్తం మోయలేనిది కాదని కోర్టు చూసింది. నెలకు పదిహేను వేలు తెచ్చుకునే ట్రైనీకి అదే రెండు లక్షలంటే ఏడాది జీతం దాటిపోతుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. సమంజసమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. 2011లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన సిక్పా ఇండియా కేసే చూడండి. బాండ్ రెండు లక్షలకు, మూడేళ్లకు. కంపెనీ చూపించిన అసలు ఖర్చు సుమారు 67 వేలు. ఉద్యోగి రెండేళ్లు పనిచేశాడు కాబట్టి అందులో మూడో వంతు, అంటే 22 వేల చిల్లర, ఇస్తే చాలంది కోర్టు. నాకు న్యాయంగా తోచే లెక్క ఇదే. నేర్పిన ఖర్చుకు బిల్లుండాలి, పనిచేసిన ప్రతి నెలా బాకీ కొంత తరగాలి.

యజమాని బాధ ఉత్తదేమీ కాదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక చిన్న యూనిట్ ఆరు నెలలు మెషీన్ మీద పని నేర్పాక, పెద్ద కంపెనీ రెండు వేలు ఎక్కువిచ్చి కుర్రాణ్ని పట్టుకుపోతే కడుపు మండుతుంది. బయటికి పంపి కోర్సు చేయించిన ఖర్చు అడగడంలో తప్పులేదు. సీనియర్ పక్కన నిలబెట్టి, మొదటి వారం నుంచే షిఫ్టు చేయించుకుని, దాన్నే శిక్షణ అని పేరు పెట్టి లక్ష అడగడమే అన్యాయం.

నిజానికి ఇవి కోర్టుదాకా వెళ్లడమే అరుదు. చేరిన రోజు కంపెనీ బీరువాలోకి వెళ్లిన డిగ్రీ ఒరిజినల్స్ చాలు, పని జరిగిపోతుంది. కానిస్టేబులో, డీఎస్సీయో రాసిన కుర్రాడికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ తేదీ వస్తుంది. వారం గడువుండదు. ఆ టెన్షన్‌లో సెక్షన్లు ఎవరికి గుర్తొస్తాయి? నాన్న చిట్టీ పాడి తెచ్చిన డబ్బు కట్టి కాగితాలు తెచ్చుకుంటాడు. రసీదు కూడా అడగడు.

రాజీనామా చేసినవారికి రెండు పని దినాల్లో జీతం బకాయిలు తేల్చాలని కేంద్ర చట్టమైన వేతనాల కోడ్ చెబుతోంది. ఒరిజినల్స్ వాపసుకూ అలాంటి గడువు, తప్పితే జరిమానా పెట్టాలి. బాకీ ఉందనుకునే కంపెనీ బిల్లులు పట్టుకుని కోర్టుకు వెళ్లొచ్చు.