తాయ్ చీ వస్తే తాకి పడగొట్టొచ్చా?

వాట్సాప్‌లో తాయ్ చీ అనే, నెమ్మదైన కదలికలతో చేసే చైనా యుద్ధవిద్య మీద ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇది కంచి నుంచి వెళ్లిన బోధిధర్ముడు చైనావాళ్లకు నేర్పిన విద్యట. బాగా సాధన చేస్తే ఎంతటి బలశాలినైనా తాకి పడగొట్టొచ్చట. రోజూ పావుగంట చేస్తే బీపీ, షుగర్ మాత్రలతో పని లేదట.

బోధిధర్ముడి సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆయన పేరు ముడిపడింది చైనాలోని షావోలిన్ బౌద్ధ మఠం వాళ్ల యుద్ధవిద్యతో. అదీ ఆయన తర్వాత వెయ్యేళ్లకు, 17వ శతాబ్దంలో వచ్చిన ఒక గ్రంథం వల్ల. తాయ్ చీకి చైనావాళ్లు చెప్పుకునే పురాణపురుషుడు జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సన్యాసి. చరిత్రకారులకు గట్టి ఆధారాలు దొరికేది హెనాన్ ప్రావిన్స్‌లోని చెన్ వంశీకుల ఊళ్లోనే.

ఇక తాకి పడగొట్టడం. 2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో వెయ్ లెయ్ అనే తాయ్ చీ గురువు, ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీ) ఫైటర్ షూ షియావ్‌డాంగ్‌తో తలపడ్డాడు. అర నిమిషం కూడా నిలవలేదు. 2020లో మా బావోగువో అనే మరో గురువు ఇంకో పోటీలో అంతే తక్కువ సమయంలో మూడుసార్లు కిందపడ్డాడు. ఆయనకు అప్పటికే డెబ్బైకి దగ్గర వయసు, పాపం.

అలాగని తాయ్ చీ ఉత్త డాన్స్ అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే తాయ్ చీ గురువు బీజింగ్‌లో నేర్పింది పోరాట విద్యనే. చెన్ శైలిలో ఇప్పటికీ మనిషిని పట్టి పడేసే పట్లు ఉన్నాయి. కానీ పార్కుల్లో కనిపించే 24 భంగిమల వరస వేరు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం జనం ఆరోగ్యం కోసం కుదించి తయారుచేయించింది. ఎదురు తిరిగే మనిషి లేకుండా దాన్ని పదేళ్లు చేసినా దెబ్బ కాచుకోవడం రాదు. నాలుగు తన్నులు తినకుండా ఎవరికైనా కొట్లాట వచ్చిందా?

ఆరోగ్యం విషయంలో మెసేజ్‌లో కొంత నిజముంది, కానీ తప్పు చోట ఉంది. 2012లో 195 మంది పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, నడక తడబడే నరాల జబ్బు) రోగులపై అమెరికాలో చేసిన పరిశోధనలో తాయ్ చీ చేసినవాళ్లకు నిలకడ మెరుగైంది. వాళ్లు చేసింది పావుగంట కాదు, వారానికి రెండుసార్లు గంటసేపు, ఆరు నెలలు. 2016లో మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిపై చేసిన పరిశోధనలో తాయ్ చీ ఫిజియోథెరపీతో సమానంగా ఉపశమనం ఇచ్చింది. పెద్దవాళ్లు జారిపడటాన్ని తగ్గిస్తుందనడానికీ ఆధారాలున్నాయి. మాత్రలు మానేయమని మాత్రం ఈ పరిశోధనలేవీ చెప్పలేదు. బీపీ కాస్త తగ్గినా, డోసు మార్చాలో వద్దో రీడింగులు చూసి డాక్టరే చెప్పాలి.